క్యూలో విన్నవి

11 అక్టోబరు 2014, శనివారం. విశాఖపట్నం, పెదవాల్తేరు.

కిరాణా కొట్టు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బ్రెడ్డు. అందరిదీ ఒకటే చీటీ. కొట్టతను చీటీ చూడకుండానే కట్టేస్తున్నాడు.

టీవీలో పోర్టు ప్రమాద సూచికల గొడవ. పదో నంబరు ఎగరేస్తారట. వెనకాల కుర్రాడు: "పది దాటాక ఇంకేటీ లేదా?" పోర్టులో చేసి రిటైరైన పెద్దాయన, చేతిలో గోధుమపిండి: "పదకొండుంది బాబూ. వాతావరణ కేంద్రంతో మాటలు తెగిపోయాయని దానర్థం."

"మా ఇంట్లో అది నెల్లాళ్ళ కిందటే ఎగరేసీసారండి," అన్నాడు ఇంకొకాయన. ముఖంలో ఏమీ లేదు. అందుకే నవ్వొచ్చింది. ఎవరో తెలియదు. కొవ్వొత్తులు రెండు డజన్లు కొన్నాడు. విడివిడిగా, రెండు సంచుల్లో.

*

తుఫానుకి పిట్ట పేరు. హుద్‌హుద్. పేరిచ్చింది ఒమన్ వాళ్ళు. పిట్ట కొంచెం కూత ఘనం అని ఊళ్ళో ప్రతివాడూ తనే కనిపెట్టినట్టు చెబుతున్నాడు. సాయంత్రం మా ఆవిడ నాకు చెప్పింది. పొద్దున ఆవిడకి చెప్పింది నేనే.

12, ఆదివారం. రాత్రి. కొవ్వొత్తి.

తెల్లవారుజాము నుంచీ గాలి. ఉత్తరపు కిటికీ రెక్క ఊడి లోపలికొచ్చి పడింది. దివాన్ నిలబెట్టి అడ్డం పెట్టాం. దానికి నేను ఆనుకుని, నాకు మా ఆవిడ ఆనుకుని. ఆవిడ చేతిలో లలితా సహస్రనామం. చదవడానికి వెలుతురు లేదు, కంఠతా రాదు. ఊరికే పట్టుకుని నిలబడింది.

పన్నెండు దాటాక ఎవరో స్విచ్ కట్టేసినట్టు గాలి ఆగింది. తుఫాను కన్ను ఊరి మీదికొచ్చిందన్నమాట. తలుపులు తీసి అందరూ మెట్ల మీదికి. ఈ అపార్ట్‌మెంట్లో ఇంతమంది ఉంటున్నారని ఇవాళే తెలిసింది.

రెండో అంతస్తు ఆవిడ: "అయిపోయిందాండీ?"

మూడో అంతస్తు ఆయన, లుంగీ, భుజం మీద తడి తువ్వాలు: "ఇంటర్వెల్."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి పైనుంచెవరో "సమోసా, సమోసా" అని సినిమా హాలు కుర్రాడి గొంతు పెట్టి అరిచారు. అప్పుడు నవ్వారు. రెండో అంతస్తు ఆవిడ లోపలికెళ్ళి జంతికల డబ్బా తెచ్చింది. నిజంగానే మెట్టు మెట్టుకీ పంచింది. డబ్బా సగంలో ఉండగా సెకండాఫ్ మొదలైంది.

*

సెకండాఫ్ దక్షిణం నుంచి. పొద్దున మిగిలిన కిటికీల వంతు. ఈ బిల్డింగులో వాస్తు చూసి కొన్నవాళ్ళు ఉన్నారు. చూడకుండా కొన్నది నేను. ఫలితం సమానం.

13, సోమవారం.

పాలు లేవు, పేపరు లేదు, ఫోను లేదు, కరెంటు లేదు. ఎండ మాత్రం బ్రహ్మాండంగా కాసింది. ఏమీ ఎరగనట్టు.

*

మేడ మీదికెళ్తే మా నీళ్ళ ట్యాంకు లేదు. ఎవరిదో వేరేది ఉంది. పక్క వీధి మేడ మీంచి ఒకాయన కేకేశాడు.

"ఆ నల్లది మాదండీ!"

"నీళ్ళు లేవండీ ఇందులో!"

"నిన్న నిండా నింపానే!"

"దారిలో ఒలికుంటాయి!"

ఇది అన్నది నేను కాదు. మా ఆవిడ. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆవిడ మేడ మీంచి పరాయి మగాడితో కేకలేసి మాట్లాడగా చూడలేదు.

*

మద్దిలపాలెం వైపు నడిచాను. రోడ్డుకి అడ్డంగా చెట్టు. దాని మీద ఇంకో చెట్టు. వాటి మీద హోర్డింగు. హోర్డింగు మీద నగల మోడల్ నవ్వు చెదరకుండా ఉంది. స్కూటరాయన ఆపి, అవతల గట్టున నిలబడ్డాయన్ని అడిగాడు.

"ఈ రోడ్డు ఎటు పోతుందండీ?"

"మొన్నటిదాకా మద్దిలపాలెం పోయేది."

స్కూటరాయన తలూపి, ఇంజనాపి, స్టాండేసి, దిగి, చెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోడ్డులో అంత తీరిగ్గా ఎవరూ కూర్చోగా చూడలేదు.

14, మంగళవారం.

మా వాచ్‌మన్ కాలికి అద్దం దిగింది. ఆసుపత్రి వరండా. బెంచీ మీద ఓ వరుస మనుషులు, అందరికీ ఏదో ఒకచోట గుడ్డ కట్టు. కాంపౌండరు రిజిస్టరుతో వస్తున్నాడు.

"ఎలా తెగింది?" "కిటికీ." "నీకు?" "కిటికీ." "మీకు?" "కిటికీయే బాబూ." కాంపౌండరు రాయడం మానేసి కింద డాష్‌లు పెట్టుకుంటూ పోతున్నాడు. చివర్న ఓ ముసలాయన, చేతికి గుడ్డ.

"కిటికీయేనా?"

"కాదు. కొబ్బరి చెట్టు."

బెంచీ మొత్తం ఆయన వైపు గౌరవంగా చూసింది. వాచ్‌మన్ లేచి ఆయనకి ముందు చోటిచ్చాడు.

*

ఇవాళ మధురవాడ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే ఉండాలి. మూడోది. రద్దు. టీ బడ్డీ దగ్గర ఒక కుర్రాడు జేబులోంచి టికెట్ తీసి అందరికీ చూపించాడు. నలగలేదు, తడవలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు.

"ఇల్లు తడిసిపోనాది. దీన్ని మాత్రం కాపాడీసాను."

టీ అతను: "ఇల్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టాల్సింది."

15, బుధవారం.

పాల క్యూ. అర లీటరు ప్యాకెట్టు ధర అడగొద్దు. ముందున్న ముసలమ్మ అడిగింది. విని, నిదానంగా:

"గేదికేటైనా దెబ్బ తగిలిందేటి నాయనా?"

"లేదమ్మా."

"మరి పాలకేటైనాది?"

అమ్మేవాడు నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. ధర తగ్గించలేదు.

నిన్న ప్రధాని వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించి వెళ్ళారు. క్యూలో అదే మాట. అమ్మేవాడు ఐదొందల నోటు తిరిగిచ్చేస్తూ: "ఆ వెయ్యి కోట్లొచ్చినా నా కాడ చిల్లర్లేదు బాబూ."

*

ముఖ్యమంత్రి కలెక్టరాఫీసు దగ్గర బస్సులో మకాం. అక్కడే పడక, అక్కడే సమీక్షలు. నా వెనకాల ఇద్దరు.

"బస్సులో ఏసీ ఉంటాదా?"

"ఉండదేటి."

"అయితే మనవూ ఓ అర్జీ పట్టుకెల్దాం. పెద్దగా రాయించు. సదివీ వరకూ సల్లగుంటాది."

*

పేపరొచ్చింది. పాతదీ కొత్తదీ కలిపి చదివాను. తుఫాను ఎక్కడుందో చెప్పే రాడార్ కైలాసగిరి మీద ఉంటుంది. తుఫాను వచ్చేసరికి అదే మూగబోయింది. పోర్టు పెద్దాయన చెప్పిన పదకొండో నంబరు ఇదేనేమో.

చనిపోయినవాళ్ళ వివరాలు లోపలి పేజీలో. మా ఆవిడ ఆ పేజీ మడిచి పక్కన పెట్టింది. తర్వాత తనే తీసి చదివింది.

16, గురువారం.

పెట్రోలు క్యూ. బండ్లు నడిపేవాళ్ళు లేరు, అందరూ తోసేవాళ్ళే. ఎండ. ఊళ్ళో నీడనిచ్చే చెట్టు లేదు. దాని కింద ఆపుకుందామన్న ఆలోచన ఇంకా పోలేదు.

నా ముందు ఒకతను, నెత్తి మీద స్టీల్‌ప్లాంటు హెల్మెట్. పసుపుపచ్చది.

"గాలి తగ్గిపోనాది కదండీ, ఇంకా అదెందుకు?"

"బండి హెల్మెట్ ఎగిరిపోయింది. ఇదే మిగిలింది."

ఆదివారం ఏ షిఫ్టట. పొద్దున ఆరింటికి లోపలికెళ్ళిన మనిషి సోమవారం రాత్రి బయటపడ్డాడు. కూర్మన్నపాలెం దాటాక ఇల్లు. రేకుల ఇల్లు. "డ్యూటీకి పోయేటప్పుడు రేకులున్నాయి. వచ్చేసరికి లేవు. షిఫ్టు మధ్యలో ఎల్లిపోయినట్టున్నాయి. గేట్ పాసు కూడా తీసుకోలేదు."

కరెంటు పోయి ప్లాంటే ఆగిపోయిందని చెప్పాడు. అక్కడ బ్లాస్ట్ ఫర్నేసులకి పేర్లుంటాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పక్క బండావిడ, ఇంట్లో గ్యాసు అయిపోయి రెండు పూటలైందని గొణుగుతోంది. అతను ఆవిడ వైపు తిరిగి: "అన్నపూర్ణకే పొయ్యి లేదమ్మా. మనదెంత."

ఆవిడకి అర్థం కాలేదు. నేను చెప్పాను. అప్పుడు నవ్వింది. ఆలస్యంగా వచ్చిన నవ్వు ఎక్కువసేపు ఉంటుంది. బంకు దాకా వచ్చింది.

*

అదే క్యూ. ఓ తాతగారు ప్లాస్టిక్ కుర్చీలో. మనవడు బండి తోస్తాడు, ఆగుతాడు, వెనక్కొచ్చి కుర్చీ జరుపుతాడు. ఇంట్లో ఒక్కణ్ణీ వదల్లేక తెచ్చాట్ట. తాతగారు మాత్రం పెట్రోలు తన పర్యవేక్షణలోనే పోస్తారన్నట్టు కూర్చున్నారు.

1942 ఏప్రిల్ 6. జపాను విమానాలు హార్బరు మీద బాంబులు వేసిన రోజు. తాతగారికి అప్పుడు పదమూడేళ్ళు. ఊరు ఊరంతా ఖాళీ. వాళ్ళ నాన్న బండి కట్టించి అందర్నీ చోడవరం తోలేశాడు.

"అప్పుడు పెట్రోలు దొరికిందా తాతగారూ?" అన్నాడు వెనక కుర్రాడు.

"ఎద్దుకి పెట్రోలేటి నాయనా."

తర్వాత 1971. డిసెంబరు. బ్లాకౌట్. కిటికీలకి నల్ల కాయితం. ఘాజీ సబ్‌మెరైన్ పేలిన రాత్రి ఇంట్లో అద్దాలు అదిరాయట. "అదిరాయి. పగల్లేదు. మొన్న అన్నీ పగిలాయి. పాకిస్తాన్ వాడి వల్ల కానిది పిట్ట చేసింది."

ఆగి, నీళ్ళు తాగి: "అప్పుడు దీపం వేస్తే పోలీసొచ్చి తిట్టేవాడు. ఇప్పుడు దీపం వేసినవాణ్ణి నేనే తిడదామని రోజూ రాత్రి గుమ్మంలో కూర్చుంటన్నాను. ఒక్కడూ దొరకలేదు."

క్యూ జరిగింది. కొత్తవాళ్ళొచ్చారు. తాతగారు మళ్ళీ 1942 నుంచి మొదలుపెట్టారు. రెండోసారి ఎద్దుకి పేరు కూడా ఉంది.

*

రాత్రి. ఎదురు బిల్డింగు నాలుగో అంతస్తులో జనరేటరు. ఒక్క ఇంట్లో వెలుతురు. వీధి వీధంతా గుమ్మాల్లో కూర్చుని ఆ కిటికీ కేసే చూస్తోంది. టీవీలో సీరియల్ పాట వినిపిస్తే కింద ఎవరో: "కొంచెం సౌండు పెంచండమ్మా, కథ తెగిపోయింది." సౌండు పెరిగింది. ఆ ఇల్లాలు కిటికీ దగ్గరికొచ్చి, ఏ సీన్ జరుగుతోందో కింది వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టింది. తాతగారిని ఇటు తీసుకురావాల్సింది.

17, శుక్రవారం.

విమానాలు మొదలయ్యాయి. కప్పు ఊడిన విమానాశ్రయం నుంచే.

*

తెలుగుతల్లి ఫ్లైఓవరు మీద సిగ్నలు అందుతుందని పుకారు. వెళ్ళాను. బండ్లు పక్కకాపి ఒకరి పక్కన ఒకరు, అందరూ ఫోన్లు పైకెత్తి హారతిచ్చినట్టు తిప్పుతున్నారు. ఒకాయనకి దొరికింది.

"హలో? ఆ, బతికే... హలో? హలో?"

కట్.

"ఎంతవరకెళ్ళిందండీ?" అన్నాడు పక్కాయన.

"బతికే, దాకా."

"చాల్లెండి. మిగతాదంతా వివరం."

నాకు సిగ్నలు రాలేదు. పక్కాయనకొచ్చింది. తన మాటలయ్యాక ఫోను నాకిచ్చాడు. మా అమ్మాయి బెంగళూరు నంబరు నాకు నోటికి రాదని అప్పుడు తెలిసింది. నా ఫోనులోంచి చూసి చదివాను, ఆయన నొక్కాడు. ఎత్తగానే అమ్మాయి: "ఎవరండీ?" ఆయన: "మీ నాన్నగారి తాలూకు సిగ్నలునమ్మా."

18, శనివారం.

వెస్టిండీస్ జట్టు జీతాల గొడవ పెట్టుకుని టూరు మధ్యలో వదిలేసిందట. టికెట్ కుర్రాడు టీ బడ్డీ దగ్గరే ఉన్నాడు. "మన ఊరు చూసి భయపడుంటారు," అన్నాడు. ఇంకా ప్లాస్టిక్ కవరు జేబులోనే.

*

ఫిషింగ్ హార్బరు. బోట్లు ఒకదాని మీద ఒకటి. కొన్ని నీళ్ళ కింద. నేను వెళ్ళింది ఆఫీసువాళ్ళతో, దుప్పట్లు పంచడానికి. మాలో ఒకాయన, వాతావరణం తేలిక చేద్దామని: "సముద్రం ఈసారి చేపలతో పాటు బోట్లు కూడా ఒడ్డుకే తెచ్చిచ్చిందే!"

ఎవరూ ముఖం కూడా తిప్పలేదు. దుప్పట్లు తీసుకున్నారు. ఆయన మిగిలిన దుప్పట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.

కాసేపటికి ఓ నడివయసు ఆవిడ, నడుం మీద చెయ్యేసుకుని, అందరికీ వినబడేలా: "మా బోటు రోడ్డు మీదుంది. ట్రాఫిక్ పోలీసొచ్చి తియ్యమంటే బావుణ్ణు. తీసీవోళ్ళు దొరికినట్టుంటాది."

చుట్టూ ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మేమూ నవ్వబోయాం. నవ్వొచ్చో లేదో తెలియక సగంలో ఆపాం.

*

తిరిగొస్తూ బీచ్ రోడ్డు. కురుసుర సబ్‌మెరైన్ అలాగే ఉంది. పల్లీలమ్మే ఆయన బండి లేదు, ఆయనున్నాడు. "నీళ్ళలో ఉండాల్సింది ఒడ్డున భద్రంగా ఉంది బాబూ. నా బండి ఇప్పుడు డ్యూటీలో ఉంది."

19, ఆదివారం.

సింహాచలం. కొండంతా గోధుమ రంగు. ఆకన్నది లేదు. ఎవరో తగలబెట్టి ఆర్పేసినట్టుంది. బస్సులో కిటికీ పక్కనావిడ చేతులు జోడించి, పక్కసీటు ఆవిడతో, తనకి ఏ పరిచయమూ లేని ఆవిడతో: "ఇన్నాళ్ళూ మనవే ఇచ్చుకున్నాం తలనీలాలు. ఈసారి కొండే ఇచ్చీసుకున్నాది."

పక్కావిడ చెంపలేసుకుంది. వేసుకుంటూనే నవ్వింది. అప్పన్న విన్నా ఏమనుకోడు.

*

మా వీధిలోకి కరెంటు మనుషులు. బయటి జిల్లాల నుంచి కాంట్రాక్టరు దించిన జట్టు. స్తంభం మీదున్నతని యాస కరీంనగర్ వైపుది. రాష్ట్రాలు వేరై ఇంకా ఐదు నెలలు కాలేదు. కింద మజ్జిగ పట్టుకుని నిలబడ్డ మా రెండో అంతస్తు ఆవిడ భర్త, మొహమాటంగా:

"మీరు విడిపోయారు కదండీ?"

పైనుంచి: "విడిపోయినం సార్. మీ వైర్లే ఇంకా చిక్కువడి ఉన్నయ్."

మజ్జిగ తాగాడు. ఉప్పు తక్కువైందన్నాడు. అది జోకు కాదు. ఆవిడ లోపలికెళ్ళి ఉప్పు తెచ్చింది.

20, సోమవారం.

రాత్రి ఏడున్నర. కరెంటు. వీధి చివరి నుంచి ఈ చివరికి ఒకే కేక. మిక్సీలు, మోటార్లు, టీవీలు అన్నీ ఒక్కసారే. ఎవరింట్లోనో ఆగిపోయిన చోటి నుంచి సుప్రభాతం.

తలుపులు వేసుకున్నారు. మేమూ వేసుకున్నాం. దోమలు.

21, మంగళవారం.

లిఫ్టులో ఇంటర్వెల్ ఆయన. ఫోను చూసుకుంటున్నాడు. నేనూ నా ఫోను తీశాను. దిగేటప్పుడు తలూపాడు. పేరు ఇప్పటికీ తెలియదు. అడిగే వేళ దాటిపోయింది.

23, గురువారం. దీపావళి.

టపాసులు వద్దన్నారు. ఎక్కడికక్కడ పడిన చెట్లు ఎండి వరిగడ్డిలా ఉన్నాయి, ఓ నిప్పురవ్వ చాలు. బీచ్ రోడ్డులో కొవ్వొత్తులతో ఊరేగింపు. ఇంత కాలం కొవ్వొత్తుల వెలుగులోనే బతికినవాళ్ళు మళ్ళీ కొవ్వొత్తి పట్టుకోమంటే మా ఆవిడ రానంది. తర్వాత వచ్చింది. చీర మార్చుకుని.

కాళీ గుడి దాటాక ఫుట్‌పాత్ మీద ఓ గుంటడు, ఎనిమిదేళ్ళుంటాయి, గుప్పెట్లో ఏదో దాచాడు. కానిస్టేబుల్ చూశాడు.

"ఏటది?"

"పాంబిళ్ళండి."

"టపాసులొద్దన్నారా లేదా?"

"ఇది పేలదండి. పాకుతాది."

కానిస్టేబుల్ అటూ ఇటూ చూశాడు. రూల్సులో పాకేవాటి సంగతి లేనట్టుంది. బూటుతో ఎండుటాకులు పక్కకి తోసి చోటు చేశాడు. గుంటడు వెలిగించాడు. నల్లటి పాము మెలికలు తిరుగుతూ లేచింది. వంగి చూస్తున్నవాళ్ళలో మేమూ, ఊరేగింపులోంచి తప్పుకొచ్చిన ఓ పెద్దమనిషీ, ఐస్‌క్రీమ్ బండతనూ. పాము చల్లారింది. ఎవరూ కదల్లేదు.

కానిస్టేబుల్: "ఇంకోటుందేటి?"

27, సోమవారం.

అద్దాల కొట్టు. ఊళ్ళో అద్దాల కొట్టు యజమానే ఇప్పుడు పెద్దమనిషి. టోకెన్లిస్తున్నాడు. అక్కడక్కడ కుర్చీలు వేయించాడు, ఫ్యాను పెట్టించాడు. మనిషి రాగానే ఒకటే ప్రశ్న: "ఉత్తరమా, దక్షిణమా?" రెండూ అన్నవాళ్ళకి టీ.

నా వంతు రాలేదు. నా ముందు ఒకాయన, శివాజీపాలెం నుంచి, చేతిలో పురికొస.

"కొలతేదండీ?"

"ఇదే. మొత్తం తాడు ఎత్తు. ముడి దాకా వెడల్పు."

కొట్టతను తాడు టేపు పక్కన పరిచాడు. చూశాడు. మళ్ళీ చూశాడు.

"ముళ్ళు రెండున్నాయి."

"రెండోది మాది కాదండీ. ఎదురింటివాళ్ళది. నేను కొలుచుకుంటుంటే, మాదీ అంతే ఎత్తు, వెడల్పే కొంచెం తక్కువ, అది కూడా ముడేసి పట్టుకెళ్ళండని కిటికీలోంచి అరిచారు."

"ఎవరు వాళ్ళు?"

"తెలీదండీ. పడమటింట్లో ఉంటారు."

"అడ్వాన్సు ఎవరిస్తారు మరి?"

"అది అరవలేదండీ."